ఇంటి దీపం కింద కీర్తన: పురుషోత్తమ చౌదరి స్మారకోపన్యాసం

తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యుడని మనం గౌరవించుకునే పురుషోత్తమ చౌదరిగారిని స్మరించే ఈ సభలో మాట్లాడే అవకాశం నాకు ఇచ్చారు. రాత్రి ప్రార్థనలో ఆయన కీర్తనలు వింటూ చాప మీదే నిద్రలోకి జారుకున్న పిల్లల్లో నేనొకణ్ణి. ఆయన గురించి మాట్లాడడానికి నాకున్న హక్కు అదే. ఆ హక్కును ఇచ్చిన ఇంటికి ముందుగా నమస్కరించి మొదలుపెడతాను.

మన సంఘాల్లో ఎవరైనా పెద్దాయన పండు వయసులో ప్రభువు సన్నిధికి చేరుకుంటే జ్ఞాపకార్థ కూడికలో రెండు మాటలు తప్పకుండా వింటాం. సంఘాన్ని ప్రేమించినవాడు అన్నది ఒకటి. ఇంటిని చక్కగా దిద్దుకున్నవాడు అన్నది రెండోది. రెండూ మంచి మాటలే. కానీ వాటిని వేరువేరుగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. సంఘం పని ఆదివారానిదనీ, ఇంటి పని మిగతా ఆరు రోజులదనీ లోలోపల అనుకుంటాం. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో సంఘాధ్యక్షుడికి ఉండవలసిన గుణాలు చెబుతూ, సొంత ఇంటిని ఏలుకోవడం చేతకానివాడు సంఘాన్ని ఎలా పాలిస్తాడన్న ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్నను తెలుగు నేల మీదికి, అందులోనూ ఈ చెన్నై నగరానికి తెచ్చి చూడదలిచాను. చూసినకొద్దీ నాలో బలపడిన నమ్మకం ఇది: తెలుగు క్రైస్తవ సంఘానికి పునాది పడింది ఇంట్లో. దాన్ని ఇన్ని తరాలు నిలబెట్టింది ఇంట్లో పాడుకున్న పాట. పురుషోత్తమ చౌదరిగారి సుదీర్ఘ జీవితం నాకు అర్థమైంది కూడా ఈ దారిలోనే.

కథ మొదలు ఈ ఊళ్ళోనే ఉంది. జర్మనీ దేశపు లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తరంగంబాడి నుంచి 1726లో మద్రాసు వచ్చాడు. తమిళంతో ఆగలేదు, తెలుగూ నేర్చుకున్నాడు. 1728 నాటికి తెలుగు వ్యాకరణమే రాశాడు. ఆనాటి మద్రాసు వీధుల్లో తెలుగు ఎంతగా వినిపించేదో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. బైబిలును కూడా తెలుగు చేయడానికి పూనుకున్నాడు గాని ఆ రాతప్రతులు అచ్చుకు నోచుకోలేదు. అచ్చయినవి చిన్న పుస్తకాలు. 1746లో జర్మనీలోని హాలె పట్నంలో వెలువడిన మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరావళి వాటిలో ఒకటి. తెలుగు అచ్చుపుస్తకాల చరిత్రలోనే అది మొదటి వరుసలోది.

ఇక్కడ కాసేపు ఆగాలి. లూథర్ ఆ చిన్న పుస్తకాన్ని 1529లో రాస్తూ, ఇంటి యజమాని తన ఇంటివాళ్ళకు ఈ సంగతులను ఎలా నేర్పాలో చెప్పి మరీ రాశాడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన అందులో ఉన్నాయి. వాటితోపాటు పొద్దున లేవగానే చేసుకునే ప్రార్థన, పడుకోబోయే ముందు చేసుకునే ప్రార్థన, కంచం ముందు కూర్చున్నప్పుడు చేసుకునేది కూడా ఉన్నాయి. అంటే తెలుగువాళ్ళ కోసం అచ్చయిన తొలి క్రైస్తవ పుస్తకాల్లో ఒకటి గడప లోపలి మనుషుల కోసం పుట్టింది. పెద్ద గ్రంథం పెట్టెలోనే ఉండిపోయింది, ఇంటి పుస్తకం ముందు అచ్చెక్కింది. కొత్త నిబంధన మొత్తం తెలుగులో అచ్చు కావడానికి 1818 దాకా ఆగవలసి వచ్చింది. ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన ఆ అనువాదం కూడా మద్రాసులోనే అచ్చయింది.

అయితే పుస్తకానికి చదివే కళ్ళు కావాలి. అక్షరం రాని ఇంట్లో ప్రశ్నోత్తరావళి అటక ఎక్కుతుంది. ఆ ఇంటికి కావలసింది నోటికి వచ్చే పాట. షుల్జ్ మద్రాసు విడిచిన అరవై ఏళ్ళకు, 1803లో, పర్లాకిమిడి దగ్గర మదనపురంలో ఆ పాట కట్టవలసినవాడు పుట్టాడు.

పురుషోత్తమ చౌదరిగారి పూర్వులు వంగదేశపు బ్రాహ్మణులు. పర్లాకిమిడి సీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తెలుగూ ఒడియా ఒకే వీధిలో వినిపించే చోటు అది. సంస్కృతాంధ్రాలు చదువుకుని, పెళ్ళాడి, గృహస్థుగా స్థిరపడిన మనిషి క్రైస్తవ కరపత్రాలు చదవడంతో కదిలాడు. చాలాకాలం తనలో తాను వాదించుకున్నాడు. చివరికి 1833లో కటకం వెళ్ళి, బాప్టిస్టు మిషనరీ చార్లెస్ లేసీ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు.

సాక్ష్యాలు చెప్పుకునేటప్పుడు మనవాళ్ళు బాప్తిస్మం నాటి సంతోషంతో మొదలుపెడతారు. ఆ రోజు వెనక మూసుకుపోయిన తలుపు ఊసు ఎత్తరు. 1833లో ఒక బ్రాహ్మణ గృహస్థు బాప్తిస్మం తీసుకోవడమంటే బంతిలో విస్తరి పోవడం. పిల్లల పెళ్ళిళ్ళకు దారి మూసుకుపోవడం. ఆపదలో పలకరించే దాయాది, పోయినప్పుడు మోసే నలుగురు, ఎవరూ లేకుండా పోవడం. భర్త బతికుండగానే భార్య పుట్టింటి గడప ముందు తల దించుకు నిలబడడం. చౌదరిగారి ఇంటివాళ్ళు ఆయన నిర్ణయాన్ని ఒప్పుకోలేదు. భార్యాబిడ్డలు కొంతకాలం గడిచాకగాని వచ్చి ఆయనతో కలవలేదు. ఈ సంగతిని మన పెద్దలు ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఆయన జీవితంలో అన్నిటికన్నా బరువైన కాలం అదే అనిపిస్తుంది. కుటుంబీకుడు అన్న మాటను ఆయనకు వాడేటప్పుడు ఈ బరువు తెలిసి వాడాలి. ఆయన ఇల్లు పోగొట్టుకుని మళ్ళీ ఇల్లు నిలుపుకున్నవాడు. కీర్తనల పుస్తకంలో పాట పాట కిందా ఆయన పేరు అచ్చయింది, ఆ ఇల్లాలి పేరు లేదు. ఆ పాటలను ముందుగా విన్న చెవులు ఆమెవేనని నేను నమ్ముతాను.

బాప్తిస్మం తరువాత ఆయన మరో 57 ఏళ్ళు బతికాడు. కటకం, బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం, ఇలా ఊళ్ళు మారుతూ సువార్త చెప్పాడు. వచనం రాశాడు, వాద గ్రంథాలు రాశాడు. నిస్తార రత్నాకరం లాంటి పుస్తకాల పేర్లు పండితులకు తెలుసు. ఆ పుస్తకాలు ఇప్పుడు గ్రంథాలయాల్లో ఉన్నాయి. కీర్తనలు మాత్రం నోళ్ళలో ఉన్నాయి. 1890లో, 87వ ఏట ఆయన కన్నుమూసేనాటికి ఆయన పాటలు ఆయన అడుగు పెట్టని ఊళ్ళలో, ఆయన ముఖం చూడని ఇళ్ళలో వినిపిస్తున్నాయి.

ఆ పాటల పనితనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ కాలపు మిషనరీలు ఇంగ్లీషు పాటలను తెలుగు చేసి, ఆ బాణీల్లోనే పాడించారు. వాటిలో కొన్ని ఇప్పటికీ మనకు ఇష్టమైనవే. కానీ ఆ బాణీలో తెలుగు మాట తడబడుతుంది. సాగదీయవలసిన అక్షరం కుంచించుకుపోతుంది, తేలిగ్గా పలకవలసిన చోట ఊనిక పడుతుంది. చౌదరిగారు ఆ దారి పట్టలేదు. రామదాసు నాటి నుంచి తెలుగు భక్తుడి నోట నలిగిన పల్లవి, చరణాల కట్టుబడినే తీసుకున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాట తలమీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ఒక సంఘం తన ఆరాధన పుస్తకంలో దేవుని పేరుకు ముందు రాగం పేరు అచ్చువేసుకుందంటే, ఆ సంఘం తన తల్లిభాషను, తల్లిసంగీతాన్ని వదులుకోలేదనే నాకు అర్థమవుతుంది.

ఆయన కీర్తనల్లో ప్రసిద్ధమైనది త్రాహిమాం అన్న మాటతో మొదలవుతుంది. ఆ మాట ఎక్కడిదో అందరికీ తెలుసు. నన్ను కాపాడమని తరతరాలుగా భక్తులు గుడిలో చేతులు జోడించి అన్న సంస్కృతపు మాట. ఆయన దాన్ని తన పాత ఇంట్లోనే నేర్చుకున్నారు. కొత్త విశ్వాసంలోకి వచ్చేటప్పుడు దాన్ని గడప బయట వదిలి రాలేదు. గుండె పగిలినప్పుడు మనిషి నోట వచ్చేది తల్లి ఒడిలో నేర్చిన మాటే గదా. కొందరు విమర్శకులు ఇందులో బోధకుడి ఉపాయం చూస్తారు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ముప్ఫై ఏళ్ళు ఒక భాషలో దేవుణ్ణి పిలిచినవాడు ఆ తరువాత మరో భాషలో ఎలా పిలుస్తాడు?

కట్టుబడిలో ఇంకో సుగుణం ఉంది. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. చరణాలు చదవగలవాడు ఇంట్లో ఒక్కడుంటే చాలు, పల్లవిని ఇంటిల్లిపాదీ అందుకుంటారు. అవ్వ అందుకుంటుంది, మూడేళ్ళ బిడ్డ అందుకుంటుంది, పొయ్యి దగ్గర నుంచి కోడలు అందుకుంటుంది. ఏడాది తిరిగేసరికి చరణాలు కూడా వాళ్ళకు వచ్చేస్తాయి. ప్రశ్నోత్తరావళి చేయలేని పని కీర్తన చేసింది ఇలాగే.

చెన్నైలో మాట్లాడుతూ ఇద్దరు సమకాలికులను తలచుకోకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టవుతుంది. తంజావూరు వేదనాయగం శాస్త్రియార్ 1774లో పుట్టి 1864 దాకా దాదాపు తొంభై ఏళ్ళు బతికారు. తమిళ క్రైస్తవ కీర్తనకు ఆయన పెద్దదిక్కు. శరభోజి మహారాజు ఆదరణ పొందినవారు. ఆయన పాటలను, కాలక్షేప పద్ధతిని ఆయన వంశీకులే తరం తర్వాత తరంగా మోసుకొచ్చారు. తమిళ సోదరులకు ఇది తెలిసిన కథే. మన చౌదరిగారికి రాజు అండ లేదు, కొలువు లేదు. ఆయన పాటను మోసింది ఊరూపేరూ లేని వేలాది ఇళ్ళు. ఇద్దరి విషయంలోనూ పాటను కాపాడింది కుటుంబమే.

రెండో సమకాలికుడు త్యాగరాజస్వామి. 1767లో పుట్టి 1847లో సిద్ధి పొందారు. చౌదరిగారు బాప్తిస్మం పొందిన నాటికి తిరువయ్యారులో ఆయన ఇంకా పాడుతూనే ఉన్నారు. తమిళదేశం నడిమధ్య కూర్చుని తెలుగులో పాడారు. ఆ కృతులు తెలుగు లిపి తెలియని తమిళ ఇళ్ళలో ఎలా బతికాయి? తమిళ అక్షరాల్లో రాసుకుని బతికించారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. త, థ, ద, ధలకూ అంతే. అందుకని సంగీత పుస్తకాల్లో ఆ అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి ఏది ఎలా పలకాలో గుర్తుపెట్టుకున్నారు. మైలాపూరు ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు కృతిని అలా చూసి పాడే అమ్మాయిలున్నారు. లిపి పోయినా పాట పోలేదు. ఎందుకంటే దాన్ని కూర్చోబెట్టి నేర్పే గురువు ఉన్నాడు, తెల్లవారగానే సాధన చేయించే ఇల్లు ఉంది. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

చౌదరిగారి పాట బ్రాహ్మణ గృహస్థు ఇంట పుట్టింది. అది నిజంగా వేళ్ళూనింది మాత్రం ఊరి చివరి మాదిగ పల్లెల్లో, మాల పల్లెల్లో. ఈ సభలో కూర్చున్న చాలామంది పూర్వీకులు ఆ పల్లెలవాళ్ళే. మా పూర్వీకులూ అక్కడివాళ్ళే. ఒంగోలు ప్రాంతపు తాళ్ళకొండపాడులో యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వర్తకుడు ఉండేవాడు. దైవచింతన ఉన్నవాడు, గురువుల దగ్గర యోగం నేర్చినవాడు. 1866లో ఆయనా ఆయన భార్య నాగమ్మా కలిసి మిషనరీ లైమన్ జూయెట్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందారు. దంపతులిద్దరూ కలిసి నీళ్ళలోకి దిగారన్నదే ఇందులో గమనించవలసిన విషయం. తిరిగి ఊరు వెళ్ళి బంధువుల ఇళ్ళల్లో చెప్పారు. చుట్టరికాల దారినే ఆ మాట పాకింది. 1867 ఆరంభంలో మరో మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వెళ్ళి డేరా వేస్తే, ఆ కొద్ది రోజుల్లోనే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషన్ నివేదికలు ఆ అంకెను రాసుకున్నాయి. నాగమ్మ ఎన్ని వంటిళ్ళలో కూర్చుని మాట్లాడిందో రాసే గడి ఆ నివేదికల్లో లేదు. చరిత్రకారులు ఆ గడిని కూడా గీసుకుని చూడాలని నా విన్నపం.

తరువాత వచ్చింది 1876-78 నాటి పెద్ద కరువు. ఆ కరువులో క్లౌ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. సాయం కోసం వచ్చి చేరుతున్నారన్న మాట పడకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ప్రపంచమంతా ఆ అంకెను చెప్పుకుంది. ఆ రోజు సాయంత్రం ఆ జనమంతా ఎక్కడికి వెళ్ళారు? వాళ్ళ పల్లెల్లో చర్చి గోడలు ఇంకా లేవలేదు, ప్రతి పల్లెకూ ఉపదేశి లేడు. వాళ్ళు వెళ్ళింది తాటాకు గుడిసెలకు. ఆదివారం దాకా ఆ విశ్వాసాన్ని నిలిపింది ఆ గుడిసెల్లో రాత్రిపూట పాడుకున్న నాలుగు పాటలు, చేసుకున్న ప్రార్థన.

ఆ కరువులో తవ్విన కాలువే మనం రోజూ దాటే బకింగ్‌హామ్ కాలువ. ఆ కరువు రోజుల్లోనే ఈ నగరంలో అడయారునూ కూవం నదినీ కలుపుతూ ఓ ముక్క తవ్వారు. పెదగంజాం నుంచి బేసిన్ బ్రిడ్జి దాకా పడవలు నడిచాయి. ఇవాళ ఆ నీటి పక్క నుంచి ముక్కు మూసుకుని పోతున్నాం. నాకు ఆ కాలువను చూసినప్పుడల్లా మన తాతల చేతులే కనిపిస్తాయి. జూయెట్ కూడా 1878లోనే మద్రాసు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టాడు. మిల్లులు, రైలు కార్ఖానాలు, నగరపాలక సంస్థ వీధి పనులు మనవాళ్ళకు కూడు పెట్టాయి. ఈ నగరాన్ని తెల్లవారకముందే ఊడ్చి శుభ్రం చేసే చేతుల్లో తెలుగు చేతులు ఎన్నో. ఆ చేతులే ఆదివారం కీర్తనల పుస్తకం పట్టుకుంటాయి. ఈ మాట ఈ సభలో గట్టిగా చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఇల్లు సంఘాన్ని ఎలా పోషించిందో చూపే అలవాటు ఒకటి మన తల్లులు ఇక్కడికి తెచ్చారు. అన్నం వండబోయే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం. డోర్నకల్‌లో అజరయ్య బిషప్‌గారి కాలం నుంచి పేరుపడిన అలవాటది. మా అమ్మ ఆ డబ్బాను పొయ్యి గట్టు కింద పెట్టేది. రేషన్ బియ్యం నెలాఖరుకు అడుగంటినప్పుడు కూడా ఆ గుప్పెడు ఆగేది కాదు. కాకపోతే పిడికిలి కొంచెం చిన్నదయ్యేది. ఆదివారం ఆ సంచీ కానుకబల్ల పక్కకు చేరేది. అయ్యగారి ఇంట్లో ఆ వారం ఉడికేది ఇరవై ఇళ్ళ బియ్యం.

మా నాన్నగారి గురించి రెండు మాటలు చెప్పడానికి అనుమతించండి. ఆయన పేరు చెప్పను. సంఘంలో తన పేరు ఎక్కడా చెక్కించవద్దని బతికుండగానే కోరిన మనిషి. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ మొదలైన 1955 ప్రాంతంలో ఆ పనిలో చేరారు. తొంభై ఒకటో ఏట కన్నుమూశారు. చాలా ఏళ్ళు సంఘం చందా పుస్తకం ఆయన చేతిలోనే ఉండేది. జీతాల రోజు దాటిన మర్నాడు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగేవారు. ఇవ్వలేని ఇంటి ముందు కూడా ఆగేవారు. ఇవ్వలేదని దాటిపోతే, ఇవ్వలేకపోయారని వీధికి తెలిసిపోతుందని ఆయన బాధ. లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, ప్రార్థన చేసి వచ్చేవారు.

ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన. షిఫ్టు ముగించుకుని వచ్చి, గ్రీసు మరకలు పోయేదాకా చేతులు కడుక్కుని, చాప మీద కూర్చునేవారు. శ్రుతి పెట్టె లేదు. మోకాలి మీద చెయ్యి వేసి ఆది తాళం. చిటికెన వేలి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చేవారు. ఆయన ఏ సంగీత పాఠశాలకూ వెళ్ళలేదు. రాగం పేరు పుస్తకంలో చూసి పలికేవారు గాని, ఆ రాగం ఆయనకు తెలిసింది తన తండ్రి గొంతులోంచి. ఒక కీర్తనలో మూడో చరణం దగ్గర ఆయన ఎప్పుడూ ఒక మాటను పుస్తకంలో ఉన్నట్టు కాక వేరేగా పాడేవారు. పుస్తకం చూపించి నేనొకసారి దిద్దబోయాను. "మా నాయన అట్లానే పాడేవాడు" అని మళ్ళీ అలాగే పాడారు. నేను ఇప్పుడు ఆయన పాడినట్టే పాడతాను.

ఆ పుస్తకం మా ఇంట్లో ఇంకా ఉంది. అట్ట ఊడితే మందపాటి గుడ్డ అంటించి కుట్టారు. వేళ్ళు ఆనిన చోట పేజీల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. కొబ్బరినూనె మరకలు అక్కడక్కడా ఉన్నాయి. చివరి ఖాళీ పేజీ మీద ఇంట్లో పుట్టిన బిడ్డల పేర్లు, పుట్టిన తేదీలు, బాప్తిస్మం తీసుకున్న తేదీలు వరుసగా ఉన్నాయి. మొదటి రెండు వరుసలు తాతగారి కలం. తరువాతివి నాన్నగారివి. ఒక వరుసలో పుట్టిన తేదీకి పక్కనే, వేరే సిరాతో, పోయిన తేదీ ఉంది. పదకొండు రోజులు బతికిన మా అక్క అది. ఆమెకు ఫొటో లేదు, సర్టిఫికెట్ లేదు. ఆమె ఈ లోకంలో ఉండి వెళ్ళిందనడానికి ఆ ఒక్క వరుసే ఆధారం, అదీ కీర్తనల పుస్తకం చివర.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు ఇక్కడే ఉండిపోయింది, మనమూ ఉండిపోయాం. 2006 నాటి చట్టంతో తమిళనాట బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. ఈ గడ్డ మీద బతికే బిడ్డకు ఈ గడ్డ భాష రావాలన్నది న్యాయమే, మన పిల్లలు తమిళంలో మంచి మార్కులు తెచ్చుకుంటే నేను గర్వపడతాను. కానీ దానితోపాటు జరిగినదాన్ని కూడా చెప్పుకోవాలి. తెలుగు లిపి మన ఇళ్ళలోంచి నెమ్మదిగా జారిపోయింది. వార్తాపత్రిక పోయింది, ఉత్తరాలు పోయాయి. చాలా ఇళ్ళలో ఇవాళ మిగిలిన తెలుగు పుస్తకాలు రెండే, బైబిలు, కీర్తనలు. వాటిని చదవగలిగిన కళ్ళు కూడా ఇంటికి ఒక్క జతగా మిగిలాయి.

పోయిన క్రిస్మసుకు ముందు మా అన్నయ్య మనవరాలు, పన్నెండేళ్ళ పిల్ల, చర్చిలో పాడడానికి చౌదరిగారి కీర్తన నేర్చుకుంటానంది. నేను పాడుతుంటే నోటుబుక్కులో తమిళ అక్షరాల్లో రాసుకుంది. కాసేపటికి ఆగి, "తాతయ్యా, ఈ ద మెత్తటిదా, ఒత్తుదా?" అని అడిగింది. చెప్పాను. ఒత్తి పలకవలసిన అక్షరం కింద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టుకుంది. పేజీ నిండేసరికి కింద ఎర్రచుక్కల వరుస కనిపించింది. నాకు వెంటనే మైలాపూరు సంగీత పుస్తకాల్లోని ఆ చిన్న అంకెలు గుర్తొచ్చాయి. త్యాగరాజు కృతిని తమిళ ఇల్లాలు ఎలా దాచుకుందో, చౌదరిగారి కీర్తనను మా పిల్ల అలాగే దాచుకుంటోంది. ఆమెకు ఎవరూ ఆ ఉపాయం చెప్పలేదు, పాట తప్పు పోకూడదన్న పట్టుదలే నేర్పింది.

నేను ఆ పిల్లకు తెలుగు అక్షరాలు కూడా నేర్పుతున్నాను. నిర్లక్ష్యం చేశామన్న నింద మన తరానికి రాకూడదు. ఆదివారం ఆరాధన తరువాత అరగంట అక్షరాలకు కేటాయించమని ప్రతి సంఘాన్నీ ప్రాధేయపడుతున్నాను. కానీ అక్షరం వచ్చేదాకా పాటను ఆపకండి. ఎర్రచుక్కలతోనైనా సరే, రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో కూర్చోబెట్టి పాడించండి. సెల్‌ఫోనులో పాట పెట్టి వింటే చాలదా అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. వినండి, మంచిదే. కానీ ఫోను మీ నాన్నగారిలా మూడో చరణంలో మాట మార్చి పాడదు. పల్లవి కోసం మీ బిడ్డ ముఖంలోకి చూసి ఆగదు.

ఒక్క కోరికతో ముగిస్తాను. చౌదరిగారి జీవితం గురించి పుస్తకాలున్నాయి. ఆయన కీర్తనలను మోసిన ఇళ్ళ గురించి లేవు. ఆ చరిత్ర మన ఇళ్ళలోనే, పాత బైబిళ్ళ మొదటి పేజీల్లో, కీర్తనల పుస్తకాల చివరి పేజీల్లో, చెదలు పడుతూ ఉంది. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ ఏట పుట్టారు, ఎక్కడ బాప్తిస్మం పొందారు అన్నది అక్కడే ఉంది. ఆ పేజీలను పారేయకండి, పాత కాగితాలవాడికి వేయకండి. మీ సంఘ కార్యదర్శికి చూపించండి, ఒక ఫొటో తీయించండి, ఏ ఇంటిదో కింద రాయించండి. ఇప్పటికే ముగ్గురు యువకులు ఆ పని మీద వేసుకున్నారు. వాళ్ళు ఈ హాలు వెనక, గుమ్మం పక్కన కూర్చుని ఉన్నారు. మా ఇంటి పుస్తకం తెచ్చాను, వాళ్ళ బల్ల మీద పెట్టాను. చివరి పేజీలో మా నాన్నగారి చేతిరాత అయిపోయిన చోట ఇంకా నాలుగు వరుసలు ఖాళీ ఉన్నాయి. మా అన్నయ్య మనవరాలు తన పేరు అక్కడ తానే రాసుకుంటానంది, తెలుగులో. ద అక్షరం దాకా వచ్చింది.